తల వంచు తల్లీ

కొర్లగుంటలో పదకొండు దినాలుగా ముసురు.
మిద్దె మింద తాడు బరువుకు వంగి
పిట్టగోడను తాకతా ఉంది.
లోపల ఫ్యాను కింద లంగాలు, టవాళ్లు,
మా అబ్బోడి పరీక్షల చొక్కా.
ఇల్లంతా పులిసిన పిండి వాసన.

ఈ వానల్లోనే డ్రయ్యరు నిలబడిపోవాల్నా!
రెండు తొట్ల మిషన్లో ఉతికే తొట్టి బాగానే ఉంది,
ఆరబెట్టే తొట్టే
మీట తిప్పితే "ఊఁ" అంటాది, కదలదు.
రేషనుకు పొయ్‌రమ్మంటే
నా మొగుడనే "ఊఁ" మాదిరి.

గజేంద్ర వచ్చి మూత ఎత్తినాడు, మూత దించినాడు.
"పాతదైపోయిందక్కా, ఎక్స్చేంజిలో ఇచ్చేయ్."
చూసినందుకు మూడు నూర్లు.
లోపలికి చూడనే లేదు కదప్పా అంటే
అనుభవం, అన్నాడు.

నాకూ ఉంది అనుభవం.
కొండ మింద కల్యాణకట్టలో
పద్నాలుగేండ్లుగా తలలు చూస్తా ఉండా.
నీళ్లు చల్లి, నెత్తి నిమిరి
"తల వంచు తల్లీ" అంటే
ఎంత నగలామెయినా వంచాల్సిందే.

వారం సెలవు దినం ప్లగ్గు పీకినా.
పీకినానో లేదో ఇంకోసారి చూసుకున్నా.
పైపులో నిలిచిన నీళ్లు బకెట్లోకి వంచి
మిషన్ను పాత బొంత మింద
పక్కకు పండబెట్టినా.
తల వంచు తల్లీ.

వెనక మూతకు ఎనిమిది మరలు.
ఒక్కొక్కటీ స్టీలు గిన్నెలో టింగుమంది.
ఎర్ర వైరు, నల్ల వైరు, రంగు తెలీని వైరు,
ఏది యాడుందో అబ్బోడు ఫోన్లో ఫోటో తీసినాడు.
"మా, షాకు కొడతాదే!"
కెపాసిటర్ రెండు కాళ్లకూ
స్క్రూడ్రైవరు ఆనిస్తే చిటుక్కుమని చిన్న మెరుపు.
దాచుకున్న కోపం అంతే ఉండింది.

బ్రేకు తీగ తెగలేదు. పట్టీ అరగలేదు.
చేత్తో తిప్పితే మాత్రం
ఇరుసు బిర్రబిగుసుకోని ఉంది.
టార్చి వేసినా.

వెంట్రుకలు.

ఇరుసు చుట్టూ, రబ్బరు కింద,
సబ్బు జిగురులో గట్టిపడి బొటనవేలు మందాన.
నా డ్యూటీ చీరకు అంటుకోని కొండ దిగి,
పిండినప్పుడల్లా ఒకటీ అరా జారి
ఇక్కడ చేరినవి.
గోరింటాకు పెట్టిన ఎర్రవి,
యా బళ్లారి పెద్దామెవో నెరిసినవి,
కత్తెర చూడని పసిబిడ్డ పుట్టెంట్రుకలు,
మోకాళ్ల దాకా జడ ఉన్న కాలేజీ పిల్లది...
ఆ పొద్దు ఆ పిల్ల ఎందుకేడ్చిందో నేనడగలేదు.

పైన పోగు కిందపడితే ఊడ్చి మూటలో ఎత్తతారు.
ఇవి యా మూటలోనూ లేవు.
మొక్కు తీరిందని ఊర్లకు పోయినోళ్లకు
రొంత బాకీ మా ఇంట్లో గిర్రున
తిరగతా ఉండిందని తెలీదు.

గోరువెచ్చని నీళ్లు చల్లినా. నాననిచ్చినా.
కత్తికి సగం బ్లేడు ఎక్కించి
రబ్బరుకు గాటు పడకుండా
మెల్లింగా, పైనించి కిందికి గీసినా.
ఒక్క చోట తెగింది, నా వేలు.
"ఇన్నేండ్లలో ఒకరి నెత్తికీ గాటు పెట్టలేదంటివే!"
అబ్బోడు పసుపు డబ్బా కోసం పరిగెత్తినాడు.

మళ్లీ నిలబెట్టి, ప్లగ్గు పెట్టి
మీట తిప్పితే
ఒక్క క్షణం "ఊఁ".
నా గుండె కూడా ఊఁ.
ఆనక తిరిగింది,
గడగడా వణికి, జానెడు దూరం వాకిలి దిక్కు నడిచి,
ముందు లేని కీచుమనే చప్పుడొకటి చేస్తా.
ఆ చప్పుడేందో ఇంకో సెలవుకు చూడాల.

చొక్కా తీసి చెంపకు ఆనించినా.
తడి పోలేదు. బరువు పోయింది.
బోడిగుండు తడుముకుంటా లేచేవాళ్లు కూడా
అంతే కదా, అనుకున్నా.

వెంట్రుకలు పేపర్లో పొట్లం కట్టి
టిఫిన్ సంచిలో పెట్టినా,
రేపు తెల్లారుజాము బస్సులో పైకి పోవాల.
స్టీలు గిన్నెలో ఒక మర మిగిలింది.
యాడిదో ఎంత ఎతికినా తెలీలేదు.
గజేంద్ర ఎదురుపడితే అడుగుదామని
కొంగున ముడేసుకున్నా.